పలక నీది, బలపం నాది

క్యాసంబళ్ళిలో శశికళ వాళ్ళింట్లో మంచి గది పట్టుపురుగులది. గాలి, వెలుతురు, సున్నం కొట్టిన గోడలు అన్నీ వాటికే. మనుషులు వసారాలో సర్దుకుంటారు. తెల్లారగానే శశికళ మల్బరీ ఆకు కోసుకొచ్చి తట్టల మీద పరుస్తుంది. పురుగులు మేస్తుంటే సన్నవాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ వాన చప్పుడు మధ్యలో, గోడ గూట్లోంచి టక్, టక్ మని ఇంకో చప్పుడు మొదలవుతుంది.

"నాగేశు లేచినట్టుండాడు," అంటుంది వాళ్ళమ్మ అక్కయమ్మ, కాఫీ గ్లాసు అందిస్తూ.

గూట్లో ఉండేది కీబోర్డు. చంకలో పట్టేంత చిన్న ట్యాబ్లెట్టుకి కింది సగం. తెర ఉండే పై సగం బెంగళూరులో నాగేశ్ దగ్గరుంది. అక్కడ అతను గాజు మీద ఏ అక్షరం తాకితే, ఇక్కడ ఆ మీట కిందికి దిగుతుంది. మొదట్లో అక్కయమ్మ ఎలుకేమో అనుకుంది. ఎలుక కాదని తెలిసినాక ఇంగ పట్టించుకోలేదు. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు, అంటే మేత మాని పొర విడిచే వేళ, నాన్న దొడ్డమునియప్ప మాత్రం దాని మీద తుండుగుడ్డ కప్పుతాడు. "ఆయప్పకి పనీ పాటా లేదు. పురుగులకి నిద్ర కావాల," అని గొణుగుతాడు.

మజ్జిగకి వచ్చే పక్కింటి పిల్లమ్మ కూడా ముందు గూటివైపే చూస్తుంది.

"ఏమంటాండాడే ఈ పొద్దు?"

"సంగటి యాడ దొరుకుతుందని వెతుకుతాండాడు," అంటుంది శశికళ.

"అయ్యో, ఆ ఊర్లో తిండి తిని నాలుక చచ్చిపోయింటుంది," అని పిల్లమ్మ జాలిపడి, మజ్జిగ చెంబు తీసుకుని వెళ్ళిపోతుంది.

నాగేశ్‌కి రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. శశికళ టైపు చెయ్యడం అక్కడే, ఆ ట్యాబ్లెట్టు మీదే నేర్చుకుంది. కన్నడ సీమలోని ఆ ఊళ్ళల్లో చాలామందిలాగే ఇద్దరి మాటా తెలుగు, చదువు కన్నడం. వేలు నొక్కేది ఇంగ్లీషు అక్షరం, తెర మీద పడేది కన్నడ అక్షరం, చదివితే వినిపించేది తెలుగు. పాఠం మధ్యలో నాగేశ్ ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. "నీకేం కావాల శశీ?"

"పురుగులు లేని ఇల్లు."

అంగడి నడవక నాగేశ్ బెంగళూరులో పని చూసుకున్నాడు. రైలెక్కే రోజు చాంపియన్ స్టేషన్లో శశికళ కీబోర్డుని లాగి ఊడదీసుకుంది.

"అది లేకపోతే ఇది వట్టి పలక కదే!"

"పలక నీది, బలపం నాది. గాజు మీద రాసి రాసి వేలు అరిగితే నువ్వే వస్తావులే."

నెల తిరగ్గానే ఫోనుకి అతని మెసేజీ వచ్చింది. 'నాతో వస్తావా? నీది వంద మాటల నోరు. ఈసారి ఒక్క మాటలో చెప్పు.' శశికళ నవ్వుకుంటూ, ఆకు కోస్తూనే ఒంటిచేత్తో ఒక్క మాట కొట్టి పంపింది. ఇల్లు.

ఇంగ అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోను చేస్తే కట్ చేశాడు. రెండోసారి చెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇల్లు అడిగితే ముఖం చాటేసే మగవాడిని ఏమని బతిమాలాలి? గూట్లో మీటల మీద దుమ్ము తుడిచేది, ఒక్కటీ నొక్కకుండా. కానీ ప్రతి పొద్దునా అతను మొట్టమొదట కొట్టే మాట ఆమెకి అర్థమయ్యేది కాదు. క్యాసంబళ్ళి, వాన. ఊరు వదిలిపోయినోడికి ఈ ఊరి వానతో ఏం పని? మామిళ్ళు పూతకొచ్చాయి, పూత పిందె అయింది. అతను వాన గురించి అడుగుతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం మేత వేస్తుండగా మీటలు కదిలాయి. వాన కాదు. సుమక్కా, అని మొదలైంది. సుమ నాగేశ్ అక్క. శశికళ ఆకు చేతిలో పట్టుకునే గూటి దగ్గరికి వచ్చింది. మీట వెనక మీట దిగుతోంది. 'శశి ఇల్ల అనింది. లక్కూరు పిల్ల సంబంధానికి సరే అని చెప్పు.'

లక్కూరు పిల్ల అన్నచోట చేతిలో ఆకు నలిగింది. కానీ వేళ్ళకి నేర్పిన కళ్ళు ఇంకోచోట ఆగాయి. తన మాట చివర దిగింది యు కాదు, ఏ.

ఫోను తీసి పాత మెసేజీ చూసింది. ఇన్నాళ్ళూ తను రాసిందే కదా అని అందులో ఇల్లే చదువుకుంది. చివరి అక్షరానికి ఉండాల్సిన కొమ్ము లేదు. ఫోను గాజుకి తెలివి ఎక్కువ, తప్పనుకున్న మాటని తనే దిద్దేస్తుంది. ఇల్లు అనే మాట దాని కన్నడంలో లేదని, పక్కనున్న ఇల్ల పెట్టేసింది. కన్నడంలో ఇల్ల అంటే లేదు. కాదు. రాను.

"అమ్మా! నేను ఇల్లు అంటే అది ఇల్ల అనేసిందమ్మా!"

అక్కయమ్మ గడపలోంచే చూసింది. "పంపే ఎంటరు దిగిందా?"

"ఇంకా లేదు."

"మరి నోరు తెరుచుకుని నిలబడతావేమే? నొక్కు!"

ఆకు పసరంటిన వేలితో నొక్కింది. ఐ. ఎల్. ఎల్. యు. కీబోర్డుకి దిద్దే తెలివి లేదు. ఇక్కడ నొక్కిందే అక్కడ అతని తెర మీదికి పోతుంది.

పురుగుల వాన తప్ప ఇంకేం వినపడలేదు. అంతలో చెరిపే మీట దిగింది. ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ. తన మాటనే చెరిపేస్తున్నాడు. శశికళ పెదవి కొరుక్కుంది. ఆ నాలుగక్షరాలూ పోయుంటాయి. కానీ మీట ఆగలేదు. సరే మీదుగా, లక్కూరు మీదుగా, శశి మీదుగా వెనక్కి వెనక్కి నడిచి, సుమక్కా అన్న పిలుపు దాకా తుడిచేసిందని ఆ చప్పుడు పొడవే చెప్పింది.

తర్వాత మెల్లగా, తడుముకుంటున్నట్టు, ఒక్కొక్క మీటా దిగింది.

'పురుగులు లేనిదేనా?'

టకటక విని, పురుగులు జ్వరానికి కూర్చునే వేళయిందని దొడ్డమునియప్ప తుండుగుడ్డ పట్టుకుని వచ్చాడు. అక్కయమ్మ దాన్ని లాక్కుని భుజాన వేసుకుంది.

"పురుగులు పడుకుంటే పడుకుంటాయి, లేకుంటే లేదు. పిల్ల జవాబు చెప్తాండాది."