నడిమి సీటు

మా అమ్మ చంద్రకాంతమ్మకు ఎనభై ఏండ్లు. పోయిన వానాకాలంలో మోకాలు నొప్పి ఎక్కువై మంచం దిగలేకపోయింది. డాక్టరు సూదేసినాడు. మేము నూనె రాసినాము, కట్టు కట్టినాము. అమ్మకు ఇవేవీ చాలక కొండకు మొక్కుకునింది. "స్వామీ, నేను లేచి నడిస్తే నా కొడుకులిద్దురూ ఒకే దినం, పక్కపక్కన కూర్చోని తలనీలాలిస్తారు" అని. మోకాలు ఆమెది, జుట్టు మాది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

నెల తిరక్కుండా అమ్మ లేచి నడిచింది.

జుట్టు పోతే నాకేమీ బాధ లేదు. పక్కపక్కన కూర్చునేదే కష్టం. మా అన్న గంగాధరం, నేను మాట్లాడుకోక అప్పటికి నాలుగేండ్లు.

కారణం చెప్తే నవ్వుతారు. నా కూతురు మహిత పెండ్లి శుభలేఖలో మా అన్న పేరు లేదు. చిన్నాయన కొడుకుల పేర్లుండాయి, వాళ్ళ బామ్మర్దుల పేర్లుండాయి, ఇంకా మాటలే సరిగ్గా రాని పిల్లోడు "మా అక్క పెండ్లికి తప్పక రండి" అని పిలిచినట్టుండాది. గంగాధరం మాత్రం లేడు. నేను బళ్ళో తెలుగు అయ్యవారిని. ఆ శుభలేఖలో వెతికినా ఒక్క అక్షరదోషం దొరకదు. మా అన్న పేరూ దొరకదు. ప్రెస్సోడు ఒక వరస ఎగరగొట్టేసినాడని అందరికీ చెప్పినాను. అన్న పెండ్లికొచ్చినాడు, వెనక వరసలో కూర్చున్నాడు, అక్షింతలేసినాడు, అన్నం తిన్నాడు, ఎళ్ళిపోయినాడు. అంతే. అమ్మ ఆయన దగ్గరే ఉంటాది. నేను ప్రతి ఆదివారం పోయి చూసొస్తాను. నేను పోయే సమయానికి ఆయన మామిడితోటలో ఏదో ఒక పని పెట్టుకుంటాడు.

మొక్కు చెల్లించే దినం ముగ్గురమూ చిత్తూరు బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కినాము. ఆడోళ్ళకు టికెట్టు లేదని బస్సు నిండా ఆడోళ్ళే. అమ్మ ఆధార్ కార్డు కండక్టరు ముఖం మీద పెట్టి, ముందరి సీట్లో ఎవరో ముస్లిం ఆమె పక్కన కూర్చునింది. మాకు వెనక మూడు మంది సీటొకటి దొరికింది. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. అన్న ఆ కొసన కూర్చున్నాడు. నడిమి సీటు ఖాళీ.

నిలబడేదానికి చోటు లేని బస్సులో ఆ ఖాళీ సీటు ఎంతసేపుంటాది? తెల్లగడ్డం, తెల్లటోపీ, సంకలో గుడ్డసంచితో ఒక పెద్దాయన వచ్చినాడు. "కొంచెం జరగండప్పా" అన్నాడు. నేను జరిగితే అన్నకు తగుల్తాను. అన్న జరిగితే నాకు తగుల్తాడు. ఇద్దరమూ కదల్లేదు. పాపం ఆయనే అన్న మోకాళ్ళు దాటి లోపలికొచ్చి మా నడుమ ఇరుక్కున్నాడు.

ఆయన పేరు హిదాయతుల్లా. చిత్తూరులో బట్టలు కుట్టే అంగడి ఉండాదంట. మా అమ్మ పక్కనుండేది ఆయన భార్య అన్వరీ బేగం.

బస్సు ఊరు దాటింది. అన్న గొంతు సవరించుకున్నాడు.

"భాయ్, ఆ కిటికీ సగం మూయమని చెప్పండి. అమ్మకు గాలి కొడతాది."

నాకు స్పష్టంగా వినిపించింది. అయినా భాయ్ చెప్పేదాకా ఆగినాను. ఆయన అటు చూసినాడు, ఇటు చూసినాడు.

"సార్, కిటికీ సగం మూయాలంట."

"అమ్మ నాలుగు వరసల ముందరుండాది. ఈ గాలి ముందరికి పోయి ఆమెకెట్లా కొడతాదో అడగండి భాయ్."

ఆయన అన్న పక్కకు తిరిగినాడు. "గాలి ఎట్లా కొడతాదని అడగతా ఉండారు."

"పెద్దోళ్ళు చెప్తే వినేది లేదా అని అడగండి."

పూతలపట్టు దాకా ఇదే వరస. పాపం ఆ మెడ తిరగతానే ఉండాది. ఆఖరికి, "ఇంతకీ మీరిద్దురూ ఏమవుతారు?" అన్నాడు.

"అన్న" అన్నాను నేను. "తమ్ముడు" అన్నాడు మా అన్న. ఒకేసారి.

ఆ తర్వాత నుంచి హిదాయతుల్లా భాయ్ మాటలు మార్చి చేరవేసేది మొదలుపెట్టినాడు. అన్న "ఆయన సంచి జారి జారి నా కాలిమీద పడతాది, తీసుకోమనండి" అంటే, ఈయన నా పక్క తిరిగి, "సార్, నీ సంచి బరువుగా ఉండాదేమో, నేను పట్టుకుంటాలే తమ్ముడూ అంటా ఉండాడు మీ అన్న" అన్నాడు.

"ఆయన అట్లా అనలేదు భాయ్. నేను విన్నాను."

"విన్నారా?"

"విన్నాను."

"విన్నప్పుడు మళ్ళా నేనెందుకు సార్ నడుమ?"

ముందు సీటాయన నవ్వు ఆపుకోలేక తల కిటికీ బయట పెట్టినాడు. నేను చెట్లు చూస్తా కూర్చున్నాను.

భాయ్ మాత్రం వదల్లేదు. "నాకూ ఒక తమ్ముడుండాడు, ముజఫర్. ఒకే ఇల్లు, ఒకే అంగడి. దినామూ పోట్లాడతాము. నిన్న కత్తెర కోసం పోట్లాడుకున్నాము. మొన్న ఫ్యాను ఎవురిపక్క తిప్పాలని. మాటలే లేకపోతే పోట్లాడేదెట్లా సార్? నాకు తెలీక అడగతాను."

మాట మార్చేదానికి, ఎందాక పోతా ఉండారని అడిగినాను.

"చంద్రగిరికి. మా కూతురు మిస్బాకు కొడుకు పుట్టినాడు. ఈ పొద్దుకు ఏడో దినం. అఖీఖా చేయాల. బిడ్డకు పేరు పెట్టి గుండు కొట్టించాల. మీరు?"

"మేమూ గుండుకే."

ఆయన మా ఇద్దరి తలలూ చూసినాడు. మా అన్న తలమీద చెవుల పక్కన తప్ప ఏమీ లేదు. భాయ్ దాని గురించి ఏమీ అనకుండా, "మంచిది, మంచిది" అన్నాడు. ఆ ముందు రాత్రి మనవడికి జుబ్బా కుడతా నిద్రపోలేదంట. చెప్తా చెప్తానే కండ్లు మూసినాడు. రెండు నిమిషాలకు గురక.

ఇంక చూడండి. మలుపు వస్తే ఆయన తల నా భుజం మీద. ఇంకో మలుపొస్తే అన్న భుజం మీద. ఒక గుంతలో బస్సు ఎగిరింది, తల పోయి ముందరి కడ్డీకి కొట్టుకునేదే. ఇద్దరమూ ఒకేసారి చేతులు చాచినాము.

"మెడ పట్టుకో" అన్నాడు అన్న, మెల్లగా.

నాలుగేండ్లకు మా అన్న నాతో అన్న మొదటి మాట అది.

"పట్టుకున్నాను."

"అట్లా కాదురా, టోపీ జారతాది. ఉండు." తన భుజం మీద తువ్వాలు తీసి మడతేసి ఆయన తలకింద పెట్టినాడు. భాయ్ గురక మళ్ళా దారిన పడింది.

కొంచెంసేపటికి ఆ తల మీదుగానే అన్న గుసగుసగా అడిగినాడు: "మహిత ఎట్లుండాది?"

"బాగుండాది. ఇప్పుడు ఐదో నెల."

"నాకు చెప్పలేదే."

"ఎట్లా చెప్పేది?"

"నోటితో."

ఇంత దూరం వచ్చినాక ఇంకేముండాదనిపించి చెప్పేసినాను. "అన్నా, ఆ శుభలేఖది ప్రెస్సోడి తప్పు కాదు. రాసిచ్చిన కాగితంలోనే నీ పేరు లేదు. అందుర్నీ గుర్తు తెచ్చుకోని తెచ్చుకోని రాసినాను. నిన్ను గుర్తు తెచ్చుకునే పనేముండాది, ఇంట్లో మనిషివి. ఉండాదనే అనుకున్నాను. ప్రూఫు కూడా మూడుసార్లు చూసినాను. ఒత్తులు దిద్దినాను, దీర్ఘాలు దిద్దినాను. నువ్వు లేవని చూసుకోలేదు. తెలుగు అయ్యవారిని, సిగ్గేసి వాడిమీద తోసేసినాను."



"నాకు తెలుసు" అన్నాడు అన్న.

"ఎట్లా?"

"పెండ్లైన మూడోనాడు ప్రెస్సుకు పోయినాను. వాడి బల్లమీద చెయ్యి చరిచి, నా తమ్ముడి శుభలేఖ చెడగొడతావా అని అరిచినాను. జనాలు పోగైనారు. వాడు లోపలికి పోయి నీ చేతిరాత కాగితం తెచ్చి నా చేతిలో పెట్టినాడు."

"నాలుగేండ్లుగా తెలిసీ..."

"నువ్వే వచ్చి చెప్తావని చూసినానురా."

అంతకంటే పెద్దగా అరిచి తిట్టుంటే బాగుండు. గుసగుసగా అన్నాడు, భాయ్ నిద్ర చెడిపోతాదని. నేను భాయ్ టోపీ సర్దినట్టు చేసి కండ్లు తుడుచుకున్నాను. అన్న కండక్టర్ను చూస్తా ఉండాడు. ఆ తర్వాత మాటలు ఆగలేదు. తోట సంగతి, వదిన షుగరు సంగతి, మా బడి సంగతి, అన్నీ గుసగుసలే. బస్సు ఆగింది.

"తిరుపతి! దిగండి, దిగండి!"

హిదాయతుల్లా భాయ్ ఉలిక్కిపడి లేచినాడు. బయటికి చూసినాడు.

"చంద్రగిరి?"

"వెనకబడిపోయింది భాయ్" అన్నాను.

ముందర అన్వరీ బేగం అప్పుడే తెలుసుకోని కెవ్వుమనింది. ఆమెకూ మా అమ్మకూ మోకాళ్ళ నూనెల గురించి మాటలు ముదిరి చంద్రగిరి ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలీదు. భాయ్ సైలెంటులో ఉండే ఫోను జేబులో నుంచి తీస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్. పదహైదోది వస్తా ఉండాది. అవతల మిస్బా: "అబ్బాజాన్! మంగలాయన వచ్చి గంటైంది, బిడ్డ ఏడుస్తా ఉండాడు, యాడుండారు?"

ఈయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే చంపేసింది. అన్న ఆటోను పిలిచినాడు. "తప్పు మాది. మేమే దింపి వస్తాము" అన్నాడు. కొండ యాడికీ పోదు అని అమ్మ ముందే ఎక్కి కూర్చునింది. వెనక నలుగురము, ముందర డ్రైవరు పక్కన అరసీట్లో అన్న. ఐదు మందిమి వచ్చిన దారినే పన్నెండు కిలోమీటర్లు వెనక్కి.

మిస్బా ఇంటి ముందర పందిరి, కుర్చీలు, వెనక బిరియానీ గిన్నెలు. ఇంట్లో ఆ పసిగుడ్డు చేసే రభస వీధి చివరిదాకా. మంగలాయన కత్తి పట్టుకోని బిక్కముఖం పెట్టినాడు. తల్లి పట్టుకుంటే ఏడుపు, మేనమామ పట్టుకుంటే ఇంకా ఏడుపు. తాత వచ్చి తీసుకున్నా అదే ఏడుపు.

"ఇటియ్యండి" అన్నాడు మా అన్న.

ఎవురూ ఏమనేలోపల పీటమీద కూర్చోని, బిడ్డను ఒళ్ళో పెట్టుకోని, ఆ తలను రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నోటితో చిన్నగా ఏదో శబ్దం చేసినాడు. తోటలో దూడల్ని పిలిచేటప్పుడు చేస్తాడే, అది. బిడ్డ ఏడుపు ఆపి వింతగా చూసినాడు.

"మీ అన్నకు ఇది అలవాటే" అనింది అమ్మ, నాకు మాత్రమే వినబడేట్టు. "నీ పుట్టెంటికలు తీసేటప్పుడు వీడికి తొమ్మిదేండ్లు. మీ మామ ఒళ్ళో నువ్వు నిలిస్తే కదా. వీడే పట్టుకున్నాడు, ఇట్లాగే."

ఈ సంగతి నాకు అప్పటిదాకా ఎవురూ చెప్పలేదు.

భాయ్ బిస్మిల్లా అన్నాడు. మొదటి వెంట్రుకలు తెగినాయి. మా అమ్మకు అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. ఇల్లంతా వినబడేట్టు "గోవిందా, గోవిందా!" అనేసింది.

అందరూ అమ్మను చూసినారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. అన్వరీ బేగం ముందుగా నవ్వింది. "ఉండనీక్కా. బిడ్డకు ఎవురు మంచి కోరినా మంచిదే" అనింది. అప్పుడు అందరూ నవ్వినారు. బిడ్డ మాత్రం మా అన్న పంచె తడిపినాడు.

మొక్కు తీరేదాకా మేము అన్నం ముట్టమని చెప్తే, మాకు పాలూ అరటిపండ్లూ ఇచ్చినారు. వచ్చేటప్పుడు హిదాయతుల్లా భాయ్ అన్న చేతులు పట్టుకోని, "కొండమీద మా బిడ్డకోసరం ఒక మాట చెప్పండి సార్" అన్నాడు. అమ్మ ఎప్పుడో చెప్పేసినానని చెప్పింది.

కొండమీద కల్యాణకట్టలో పక్కపక్కన కూర్చున్నాము. అన్నకు ఒకటిన్నర నిమిషం పట్టింది. ఆయనకు అది అవమానమై, "సరిగ్గా చూడప్పా, ఆడ ఇంకా ఉండాది" అని మంగలాయనతో వాదం పెట్టుకున్నాడు. చల్లనీళ్ళు పోసుకోని, గంధం రాసుకోని క్యూలో పోయి కూర్చున్నాము. దర్శనానికి ఆరుగంటలు పడతాదన్నారు.

అన్న నా పక్కకు తిరిగినాడు. "ఆ పెండ్లిలో సాంబారు ఎవుడు చేసినాడు?" అన్నాడు. "ఉప్పు ఎక్కువ. ఇంక ఆ స్టేజీ పెట్టిన చోటు చూడు, ఎండంతా పెండ్లికొడుకు ముఖం మీదే. నన్నొక మాట అడిగుంటే చెప్పేవాడిని. ఆ మేళం వాళ్ళను ఎవురు పిలిచినారు?"

నాలుగేండ్లనాటివి ఒక్కొక్కటే తీస్తా ఉండాడు. నేను దేనికీ ఎదురు చెప్పలేదు. అమ్మ గోడకు ఆనుకోని, కాళ్ళు చాపుకోని నిద్రపోయింది.