మలుపు నుంచి తొట్టి దాకా

మా ఆవిడ రాసిన పుస్తకం మొత్తం ఎనిమిది పేజీలు. ఊరి చుట్టూ ఉన్న పాత కట్టడాలూ, వాటికి వెళ్ళే సందులూ. పాత సుంకం గది దగ్గర మొదలై, రాతి వంతెన, ఒరిగిన మైలురాయి, బురుజు దాటి, మా ఇంటి గేటు పక్కనున్న రాతి తొట్టి దగ్గర అయిపోతుంది. ఒకప్పుడు టపా గుర్రాలు అందులో నీళ్ళు తాగేవట. ఆ సంగతి నాకు పుస్తకం చదివాకే తెలిసింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు దాని అంచు మీద బురద కాళ్ళు కడుక్కున్నాను.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆమె లేదు.

అందులో దూరాలన్నీ అంగల్లో ఉన్నాయి. ఇక్కడి నుంచి ఇన్ని అంగలు వేయండి, ఎడమకు తిరగండి, అలా. నేను సర్వే ఆఫీసులో ముప్పయ్యొక్క ఏళ్ళు కొలత గొలుసు లాగినవాణ్ణి. అంగలతో కొలిచేది కొలత కాదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. అయితే ఒక్క పూట మీ గొలుసు తీసుకుని నాతో రండి, మీటర్లలోనే రాస్తానంది. ఇన్నేళ్ళు జీతానికి లాగాను, ఇప్పుడు ఊరికే లాగమంటావా అన్నాను. సరే, నాకు కాళ్ళున్నాయిగా అని వెళ్ళిపోయింది.

పుస్తకం వేసింది ఊరి గ్రంథాలయం పక్క గదిలో ఉండే పర్యాటక కార్యాలయం. అక్కడి గుమాస్తా పోయిన నెల మా ఇంటికి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు దారి తప్పుతున్నారట. మైలురాయి దాటాక కంచెలు మనిషికంటే ఎత్తు, బురుజు కనబడదు. ఆమె రాసినన్ని అంగలు వేసి ఎడమకు తిరిగితే పశువుల కొట్టంలో తేలుతున్నారు. ఒక కుటుంబమైతే ఆ కొట్టాన్నే బురుజనుకుని ఫొటోలు దిగి, కట్టడాన్ని శుభ్రంగా ఉంచడం లేదని రిజిస్టర్లో రాసి మరీ వెళ్ళింది.

"పిన్నిగారి అంగలు ఎవరికీ సరిపోవడం లేదు బాబాయ్‌గారూ," అంది గుమాస్తా. "మీరే కొలిచి మీటర్లు వేసివ్వాలి. మళ్ళీ అచ్చేయిస్తాం."

నాకు లోపల సంతోషమే వేసింది. ఎందుకు దాచాలి? చివరికి నా మాటే నెగ్గింది.

టేపు పట్టడానికి రెండో మనిషి కావాలి. గుమాస్తా ఎవరితో చెప్పిందో గానీ కొలవాల్సిన రోజు పొద్దున్నే మా మరదలు వచ్చి గేటు దగ్గర నిలబడింది. అంత్యక్రియల నాటి నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు. అక్కకు గుండె జబ్బని ఆమెకు చావుకు ఆరు నెలల ముందే తెలుసు. నాకు చెప్పలేదు. ఆమె గడప నేను తొక్కకుండా ఉండటానికి ఆ ఒక్కటి చాలు. కానీ రెండో మనిషి లేడు. టేపు కొస ఆమె చేతికిచ్చాను.

"నేను పట్టుకుంది టేపునే బావా, మీ పీక కాదు," అంది. "కాస్త ఊపిరి తీసుకోండి."

నేను నవ్వలేదు.

సుంకం గది నుంచి మొదలుపెట్టాం. పైకప్పు లేని ఒక్క గది, ఇనుప ఊచల కిటికీ, లోపల మేకల వాసన. అక్కడి నుంచి వంతెన దాకా రెండు వందల అరవై ఎనిమిది మీటర్లు. మా ఆవిడ రాసింది నాలుగు వందల పన్నెండు అంగలు. భాగించాను. అంగకు అరవై ఐదు సెంటీమీటర్లు. ఆడమనిషి మామూలు నడక. తప్పు దొరకనందుకు కాస్త నిరాశపడ్డాను.

వంతెన రాళ్ళ మీద బండి చక్రాలు అరగదీసిన గాడులున్నాయి, వేలు లోతున. ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి, ఎన్ని బండ్లు వెళ్తే రాయి ఇంత అరుగుతుందో అని పుస్తకంలో రాసింది. మరదలు వంగి చెయ్యి పెట్టింది. నేను టేపు చుట్టుకున్నాను.

వంతెన నుంచి మైలురాయికి రెండు వందల యాభై నాలుగు మీటర్లు. పుస్తకంలో అయిదు వందల ఎనిమిది అంగలు. అంటే అంగకు సరిగ్గా అర మీటరు. లెక్క తప్పిందన్నాను. మీ అక్క మాటల్లో పడి ఉంటుంది, పక్కన మనిషి లేకపోతే చెట్టును పలకరించే రకం అన్నాను. మరదలు ఏమీ అనలేదు. అది ఆమె స్వభావం కాదు. నేను అప్పుడే ఆగి ఉండాల్సింది.

మైలురాయి మీద అక్షరాలు అరిగిపోయాయి. దాని పక్కనే బల్లపరుపు రాయి ఒకటి, కూర్చోవడానికి వీలుగా ఉంటుంది. ఆ రాయి గురించీ రాసింది. అక్కడి నుంచి బురుజుకు రెండు వందల ఇరవై అయిదు మీటర్లు, ఆరు వందల నలభై మూడు అంగలు. భాగిస్తే ముప్పై అయిదు. ఎగువ కదా, ఎగువలో అంగ తగ్గుతుందని మరదలికి వివరించాను. గొలుసు లాగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఆమె తలూపింది.

బురుజుకు ఇరవై రెండు మెట్లు. పుస్తకంలో వాటి గురించి ఒక్కటే వాక్యం ఉంది. ఎక్కి చూసినవాళ్ళు పైనుంచి మూడు ఊళ్ళు కనబడతాయని చెబుతారు. ఎక్కి చూసినవాళ్ళు. అక్కడ నాకు మొదటిసారి ఏదో గుచ్చుకుంది. పిల్లప్పుడు గోడలెక్కి కాలు విరగ్గొట్టుకున్న మనిషి. అంత దూరం వెళ్ళి ఆ మెట్లెక్కకుండా తిరిగొచ్చిందన్నమాట.

బురుజు నుంచి మా వీధి మలుపు దాకా అంతా దిగువే. నూట డెబ్భై ఆరు మీటర్లు. ఏడు వందల నాలుగు అంగలు.

మూడుసార్లు భాగించాను. ఇరవై అయిదు సెంటీమీటర్లు. నా చెప్పు దానికంటే పొడుగు. దిగువలో అంగ సాగుతుంది గానీ కుంచించుకుపోదు. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించుకుంటూ నడిస్తే తప్ప అంత లెక్క రాదు.

మరదలు కంచె గోడ మీద కూర్చుంది.

"లెక్క తప్పలేదు బావా."

అప్పుడు చెప్పింది. నడవొద్దని డాక్టరు అన్నాడట. మీ బావకు చెబితే గడప దాటనివ్వడు, పుస్తకం ఆగిపోతుంది, చెప్పావంటే నీ మొహం చూడనని అక్క ఒట్టు వేయించుకుందట. కొలతకు వెళ్ళిన రోజు మరదలు తానూ వస్తానంది. నేను ఆగినప్పుడల్లా నువ్వు ఏడుస్తావు, ఆ గోలలో నా లెక్క పోతుందని అక్క వద్దందట. ఒక్కతే వెళ్ళింది.

"మీరు గొలుసు పట్టుకెళ్ళి ఉంటే," అంది మరదలు, "అక్క లెక్కపెట్టాల్సిన పనే లేదు."

నిజమే. నేను టేపు విప్పాను.

ఇక మిగిలింది మలుపు నుంచి తొట్టి దాకా. నూట ఇరవై తొమ్మిది మీటర్లు. పుస్తకంలో నూట తొంభై ఎనిమిది అంగలు. భాగించాను. అరవై అయిదు వచ్చింది.

టేపు సరిగా పట్టలేదని మరదల్ని కసిరి మళ్ళీ కొలిచాను. మళ్ళీ అరవై అయిదే. సుంకం గది దగ్గర బయలుదేరినప్పుడు ఎంత అంగ వేసిందో అంతే. పాదం ముందు పాదం ఆనించుకుంటూ దిగిన మనిషికి మలుపు దగ్గర ఏ బలం వచ్చిందో నాకు అర్థం కాలేదు. తలెత్తి చూశాను.

మలుపు దగ్గర నిలబడితే మా అరుగు తిన్నగా కనబడుతుంది.

ఆమె కొలతకు వెళ్ళిన రోజు నేను ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాను. ఆమె మలుపు తిరిగి రావడం చూశాను. నిటారుగా, చేతులూపుకుంటూ వచ్చింది. దూరాలు కంటితో అంచనా కట్టడం నా వృత్తి. ఈ మనిషికేం, ఇంకో నాలుగు ఊళ్ళు తిరిగొస్తుందనుకున్నాను. భోజనం చల్లారిందనుకున్నాను.

తొట్టి అంచు పట్టుకుని ఆగింది.

"ఊళ్ళో రాళ్ళన్నీ లెక్కపెట్టొచ్చావా?" అన్నాను.

"ఒక్కటి మిగిలింది," అంది. "అరుగు మీద కూర్చుంది."

నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చిందనుకున్నాను. తర్వాత లోపలికి వెళ్ళి అన్నం కూర వేడి చేసి పెట్టింది. నేను తిన్నాను. అయిదు వారాలకు పోయింది.

మర్నాడు గుమాస్తాకు కాగితం ఇచ్చాను. నాలుగు దూరాలకు మీటర్లు వేశాను. అయిదోదాని ఎదురుగా ఏమీ లేదు. ఇదేంటి, మరిచిపోయారా అని అడిగింది.

"అది సరిగ్గానే ఉంది. అంగల్లోనే ఉంచు."

మరదల్ని నేను క్షమించలేదు. ఆమె కూడా నన్ను క్షమించలేదు. అది న్యాయమే. టేపు మాత్రం ఆమె తుడిచి, చుట్టి, డబ్బాలో పెట్టి వెళ్ళింది.

ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణే బురుజు దగ్గరికి వెళ్ళాను. అక్కడి నుంచి మలుపుకు ఏడు వందల నాలుగు అంగల్లో రావాలని. మొదటిసారి మూడు వందల పదికే వచ్చేశాను. వెనక్కి వెళ్ళాను. రెండోసారి అయిదు వందలు. ఆరోగ్యం ఉన్న కాలు అంత చిన్న అంగ వెయ్యడానికి ఒప్పుకోదు. మూడోసారి కంచె పట్టుకుని, మడమకు వేళ్ళు ఆనించుకుంటూ, లెక్క తప్పినచోట ఆగి, ఏడు వందల నాలుగుకు మలుపు చేరాను. గంట దాటింది. ఆ గంటంతా ఆమె ఇక్కడ ఉంది, నేను భోజనానికి ఆలస్యమైందని విసుక్కుంటూ అక్కడ ఉన్నాను.

అక్కడి నుంచి నిటారుగా నడవాలనుకున్నాను. చేతులూపుకుంటూ, నూట తొంభై ఎనిమిదిలో.

నాకు మూడు వందల నలభై పట్టింది. అరుగు మీద ఎవరూ లేరు.