తొక్తోసున్ బావి

మట్టి వాసన చూసి బతికే ఉద్యోగం నాది. పాత ట్రాక్టర్ స్టేషన్ల దగ్గర భూమిలో పూడ్చిన డీజిల్ ట్యాంకులు ఎక్కడెక్కడ కారాయో వెతకాలి. నరీన్ పట్నం పక్కనున్న ఒక కొండ ఊళ్లో ఒక్కటే ట్యాంకు మిగిలింది. సోవియట్ కూలిన ఏడాదే మిగతావాటిని జనం తవ్వి, ఆ ఇనుము అమ్ముకుని పిల్లల కడుపులు నింపారు. తప్పు పట్టే మొహం నాకు లేదు, మా నాన్నా ఆ పనే చేశాడు.

మిగిలిన ట్యాంకు జూరాకన్ పెద్దమ్మ పెరట్లో ఉంది. ఆమె భర్త తొక్తోసున్ దానికి కాపలాదారుగా ఉండేవాడు.

“ఊరంతా గునపాలేసుకొచ్చింది. ఈయన వెళ్లి దానిమీద పడుకున్నాడు,” అంది పెద్దమ్మ, నేను బరమాతో నేల తొలుస్తుంటే. “సర్కారు సొమ్మట. రేపు వచ్చి అడిగితే ఏం చెప్పాలట. అడగడానికి సర్కారేదీ? పిచ్చి మారాజు.”

తిడుతున్నట్టే ఉంది గానీ గర్వం దాగలేదు. ఆయన పోయి రెండు చలికాలాలైంది. ఆయన తవ్విన బావి ఆ పక్కనే ఉంది.

“నీళ్లు వాసనొస్తున్నాయా పెద్దమ్మా?”

“కాస్త. బొక్కెన తుప్పుపట్టిందిలే.”

పైకొచ్చిన మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది. పరీక్షకని బావి నీళ్లు సీసాలో పట్టుకున్నాను. ఫలితం తేలేదాకా తాగొద్దన్నాను.

“బాగానే ఉంది సంబడం. వచ్చే నెల కోడలు కాన్పుకొస్తోంది. నలభయ్యో రోజున బిడ్డకు నలభై చెంచాల నీళ్లు పోయాలి. తాత బావి ఉండగా ఎవరింటికి పోయి అడుక్కోను?”

ఫలితం వచ్చాక నేనే వెళ్లి చెప్పాను. ట్యాంకు అడుగు ఎప్పుడో చిల్లిపడింది, బావిలో డీజిల్ కలిసింది, మూసేయాలి.

ఆమె బావి వైపు తిరిగింది. “అంటే, ఆయనా అందరిలా తవ్వి అమ్ముకునుంటే బావి బాగుండేదా?”

మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే.

పెద్దమ్మ లోపలికి వెళ్లి టీ తెచ్చింది. మా వైపు అతిథికి గిన్నె సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయొచ్చని. ఆమె అంచుదాకా నింపింది. లేచి పొమ్మని దానర్థం. నాకూ ఒళ్లు మండింది, డీజిల్ నేను పోశానా? కానీ ఇచ్చింది ముట్టకుండా లేవడం మా ఇంటా వంటా లేదు. గిన్నె ఎత్తాను.

పెదవి తగలకముందే ఆమె నా మణికట్టు పట్టుకుంది. టీ ఇద్దరి ఒళ్లోనూ ఒలికింది.

“తాగకు తల్లీ. ఆ బావి నీళ్లే.”

ఆ మాట తన నోటే వచ్చాక ఇక ఆగలేకపోయింది. దగ్గరికి తీసుకున్నాను. చిన్నపిల్లలా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుంది. “మూయించు. నీళ్లు కొండ ఊట నుంచి తెప్పించుకుంటా. కోడలికి మాత్రం నువ్వు ఫోన్ చెయ్. బావి ఎండిపోయిందని చెప్పు.”

“ఎండలేదు కదా పెద్దమ్మా.”

“ఆయన బతికినన్నాళ్లూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన కోసం నువ్వొకటి ఆడు.”

నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశాను. ఫోన్లో మాత్రం, మీ మామగారి బావి ఎండిపోయిందమ్మా అన్నాను. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు.