రేకు డబ్బాలో రాళ్ళు

"రాయి ఎందులో వేస్తావో నాకు చెప్పకు," అంది వదిన, గిన్నెలు తోముతూనే. "చెబితే నాకు నిద్ర పట్టదు."

"చెప్పకపోతే పడుతుందా?"

"అప్పుడూ పట్టదు. నా ఉద్యోగం గుర్తుంచుకో, చాలు."

వదినంటే మా ఆయన అక్క. మేం ముగ్గురం ఉండే గది ఆమె ఇంట్లోదే. వంటిల్లు రెండు కుటుంబాలకీ ఒకటే. వీధి చివర, పనికెళ్ళే తల్లుల పిల్లల కోసం ఒక సంస్థ నడిపే సెంటర్లో ఆమె ఆయా. నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడతాను. నా మూడేళ్ళ కూతురు పగలంతా ఆ సెంటర్లోనే ఉంటుంది. ఉంటుందని నేననుకోవాలి.

సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంటుందని సెంటరు గోడ మీద పెద్ద బోర్డుంది. నాలుగయ్యేసరికి సెక్రటరీ ఆ హాలును ట్యూషన్లకు ఇచ్చేస్తాడు. పిల్లల్ని తెచ్చి బయట మెట్ల మీద కూర్చోబెడతారు. సరిగ్గా అదే వేళకు పై అంతస్తులో ఆఫీసు ఊడవమని వదినను పంపిస్తాడాయన. కింద పిల్లలు, పైన ఆయా. ఈ భాగోతం వీధి వీధంతా ఎరుగుదురు. నోరు తెరిచి అడిగిన తల్లికి "వచ్చే నెల నుంచి మీ పాపకు సీటు కుదరదమ్మా" అన్న జవాబు వస్తుందనీ ఎరుగుదురు. అందుకే ఎవరి నోరు వాళ్ళు కుట్టేసుకుని కూర్చున్నారు, నాతో సహా.

కిందటి వారం నా కూతురు ఆ మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచింది. నీళ్ళ ట్యాంకరు కీచుమంటూ ఆగింది. సైకిల్ షాపాయన పరుగెత్తి ఎత్తుకొచ్చాడు. ఒక కాలి చెప్పు ట్యాంకరు కిందే ఉండిపోయింది. నేను వెళ్ళేసరికి పిల్ల ఆయన ఒళ్ళో కూర్చుని సైకిల్ బెల్లు కొడుతూ కిలకిలా నవ్వుతోంది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి వదినను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తలెత్తలేదు. "ఎందుకే గొడవ, ఉంటున్నది అక్క ఇంట్లోనే కదా," అన్నాడు మా ఆయన. ఆయనకు గొడవలు గిట్టవు. పిల్ల ట్యాంకరు కింద పడితే అది గొడవ లెక్కలోకి రాదు కాబోలు.

ఇలా ఉండగా, సెంటరు పని ఎలా జరుగుతోందో చూడటానికి సంస్థవాళ్ళు ఒకావిడను పంపారు. బాగుందని తేలితే ఇంకో మూడేళ్ళు ఇదే సెక్రటరీ, ఇవే మెట్లు. బాగాలేదని తేలితే ఏదో ఒకటి మార్చక తప్పదు. సెక్రటరీ ఆమెకు కాఫీ తెప్పించి ఫైళ్ళన్నీ బల్ల మీద పేర్చిపెట్టాడు. ఆవిడ కాఫీ మటుకు తాగింది.

"ఫైళ్ళు తర్వాత చూస్తానండీ. ముందు ఈ సెంటర్ని వాడుకునే వాళ్ళు చెప్పాలి," అంది. "చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ. ఆదివారం అందర్నీ పిలవండి. మనిషికొక రాయిస్తాను, తమకు నచ్చిన డబ్బాలో వేస్తే చాలు."

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. బయట వాన. మూల చాప మీద పిల్లలు ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోతున్నారు. మేడమ్ మనిషికొక గులకరాయి పంచింది. ఇంకో మూలకు దుప్పటితో తెర కట్టించింది. తెర వెనక రెండు డబ్బాలుంటాయి, ఒకదాని మీద సూర్యుడి బొమ్మ, ఇంకోదాని మీద మబ్బు బొమ్మ. సెంటరు ఇప్పుడు నడుస్తున్నట్టే నడవాలంటే సూర్యుడిలో వెయ్యాలి. మారాలంటే మబ్బులో వెయ్యాలి. ఎవరు ఎందులో వేశారో దేవుడికి తప్ప ఇంకెవరికీ తెలియదంది. ఆయాకు కూడా రాయి ఇవ్వబోతుంటే సెక్రటరీ అడ్డొచ్చాడు.

"ఆవిడ మన స్టాఫు కదండీ. ఆవిడకెందుకు?"

"పొద్దుట్నుంచి పిల్లలతో ఉండేది ఆవిడే కదా. అందరికన్నా చివర్లో వేస్తారు లెండి," అంటూ మేడమ్ వదిన అరచేతిలో రాయి పెట్టింది. వదిన గుప్పిట మూసేసింది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. మేడమ్ తెచ్చుకున్న అట్టపెట్టెలు వానకు తడిసి ముద్దయిపోయాయి. "దానికేముందండీ, మా దగ్గర బోలెడు సామానుంది," అంటూ సెక్రటరీ లోపలికి వెళ్ళి రెండు తెచ్చాడు. ఒకటి పిల్లలు ఆడుకునే ఇసుక తొట్టి. రెండోది ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బా. ఇసుక మీద సూర్యుణ్ణి అంటించారు, రేకు మీద మబ్బును. ఆయన కావాలనే తెచ్చాడో, చేతికి అందిందే తెచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెచ్చాక మాత్రం వరస చూసుకుంటానని తెర పక్కనే కుర్చీ వేసుకున్నాడు. మేడమ్ హాలు అవతలి చివర, గర్రుమని తిరిగే ఫ్యాను కింద, గోడకు చార్టులు అంటించుకుంటోంది.

మొదటావిడ వెళ్ళొచ్చింది. ఏ చప్పుడూ లేదు. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడ కండక్టరమ్మ. సిటీ బస్సులో పనిచేస్తుంది, ఇద్దరు కవలలు, చిల్లర ఇవ్వకపోతే ఎవరినైనా దులిపేసే మనిషి.

ఠంగ్.

హాల్లో సగం తలలు అటు తిరిగాయి. కండక్టరమ్మ తెర తొలగించుకుని బయటికొచ్చి, అందరూ తననే చూస్తుండటంతో అక్కడే ఆగిపోయింది. సెక్రటరీ నవ్వాడు.

"నీకు కవలలు కదూ, అమ్మా? ఒకే ఇంటి నుంచి ఇద్దరికి సీట్లంటే ఈ రోజుల్లో కష్టమే," అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చాప దగ్గరికి వెళ్ళి నిద్రపోతున్న పిల్లలిద్దరి మధ్యా కూలబడింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు వెళ్తున్నారు, వస్తున్నారు. తెర వెనక చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేడమ్‌కు చెప్పేద్దామని వరసలోంచి బయటికొచ్చాను.

"ఏమ్మా, ఏమైనా కావాలా?" అన్నాడు సెక్రటరీ.

"మంచినీళ్ళు," అన్నాను. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌తో సమానంగా అరిచే గొంతు నాది. ఆ పూట అది ఏ గంగలో కలిసిందో తెలియదు. వదిన గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆమె దగ్గరికి వంగాను.

"చప్పుడు వినిపిస్తోంది వదినా," అన్నాను గొణిగినట్టు.

"నాకు చెవుల్లేవనుకున్నావా?" అని ఆమె వెళ్ళిపోయింది.

నా వంతు వచ్చింది. తెర వెనక మసక వెలుతురు. ఇసుకలో రాళ్ళు సగం దాకా కూరుకుపోయి ఉన్నాయి. రేకు డబ్బా అడుగున కండక్టరమ్మ రాయి ఒక్కటే ఒంటరిగా ఉంది. నేను ఇసుకలో వేస్తే పిల్ల సీటుకు ఢోకా ఉండదు, వదిన ఉద్యోగానికీ ఉండదు, మా గదికీ ఉండదు. పిల్ల మాత్రం రేపు సాయంత్రం మళ్ళీ ఆ మెట్ల మీదే. వంగి రేకు మీద చప్పుడు కాకుండా పెట్టి రావచ్చు, అదెంతపని. కానీ నా వెనక వాళ్ళు? భయంతో బిగుసుకుపోయి వచ్చేవాళ్ళకు ఆ ఉపాయం తట్టొద్దూ?

భుజాన ఉన్న సంచీలో పిల్ల స్వెట్టరుంది. వదినే అల్లింది, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అడిగితే "పిల్ల పెరుగుతుందిగా" అంటుంది, ఒక చెయ్యే పెరుగుతుందన్నట్టు. ఆ స్వెట్టరు తీసి డబ్బా అడుగున పరిచాను. పొడుగు చెయ్యి అంచు మీదికి వేలాడింది. దాని మీద నా రాయి జారవిడిచాను. చప్పుడు కాలేదు.

బయటికొస్తుంటే సెక్రటరీ తృప్తిగా తల ఊపాడు.

నా తర్వాత వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. కొందరు లోపల కాస్త ఎక్కువసేపు ఉన్నారు. ఒక నాయనమ్మ బయటికొస్తూ నా వంక చూసి చప్పున చూపు తిప్పుకుంది. అంతకుమించి నాకేమీ అంతుపట్టలేదు. ఎవరి రాయి ఎటు పడుతోందో నాకూ వినిపించకుండా నేనే చేసుకున్నాను మరి. స్వెట్టరు చూసి కూడా జడిసి ఇసుకలోనే వేసుకుంటూ పోతున్నారేమో. స్వెట్టరు సంగతి సెక్రటరీకి తెలిస్తే, అది ఎవరి చేతి అల్లికో, ఎవరి పిల్లదో కనిపెట్టడం ఎంతసేపు? కూర్చున్నానన్న మాటే గానీ ముళ్ళ మీద ఉన్నాను.

చివరికి వదిన లేచింది. చీర చెంగుకు చేతులు తుడుచుకుని తెర వెనక్కి వెళ్ళింది.

సెక్రటరీ కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా మేడమ్," అని హాలంతా వినపడేలా కేకేశాడు. "ఇంతమందిలో ఒక్కటంటే ఒక్కటే చప్పుడు!"

మేడమ్ చార్టు వదిలేసి ఇటు తిరిగింది. "చప్పుడేంటి?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. మేడమ్ ముఖం మాడిపోయింది. గబగబా తెర వైపు నడిచింది. సగం దూరం వచ్చిందో లేదో, లోపల్నుంచి రాళ్ళన్నీ ఒక్కసారిగా రేకు మీద రాలాయి. ఒకటీ రెండూ కాదు. వడగళ్ళు పడ్డట్టు దడదడా కురిశాయి. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. ఏ ఒకరిద్దరో తప్ప తమతో ఎవరూ లేరనుకున్నవాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆ తర్వాత ఒక్క రాయి, విడిగా.

ఠంగ్.

వదిన బయటికొచ్చింది. చేతిలో, డబ్బా అడుగు నుంచి లాగేసిన స్వెట్టరు.

"నువ్వేం చేశావో తెలుస్తోందా నీకు?" సెక్రటరీ లేచి నిలబడ్డాడు.

"నా రాయి నేను వేశానండీ. నాలుగింటికి నన్ను పైకి పంపొద్దని మీ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. విన్నారా?" ఆమె ఆగలేదు. "మొన్న మా పిల్ల పోయి ఉంటే నేను ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళేదాన్ని?"

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

ఇంట్లో ఆమె తలవంచుకుని నా తిట్లన్నీ తిన్న రాత్రి కళ్ళముందు తిరిగింది. ఈయన్ను బతిమాలానని ఒక్క మాటైనా అనలేదు నాతో. వదిన మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ పుట్టలేదు.

"ఆగండి," అంది మేడమ్ సెక్రటరీతో. తర్వాత మా వైపు తిరిగింది. "డబ్బాల విషయంలో తప్పు నాది. నేనిక్కడే నిలబడి వినాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. నాలుగింటికి ఇక్కడ ఏమవుతుంది?"

వదిన ఇదేమీ పట్టనట్టు చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, నిద్రమత్తులో ఉన్న నా కూతురికి స్వెట్టరు తొడుగుతోంది. అది ఎవరిదో, ఎవరి సంచీలోంచి వచ్చిందో ఇప్పుడు హాలంతా చూస్తోంది. సెక్రటరీ కూడా నన్నే చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నా గొంతు తిరిగి నా దగ్గరికొచ్చింది.

"మా పిల్లలు రోడ్డు మీద ఉంటారండీ," అన్నాను.