ఎర్ర అక్షరాల లైను

కంచికచర్లలో పచ్చళ్ల షాపు నడిపే రత్నమణి ఫోన్ చేసేసరికి యామిని నందిగామలో ఫ్లెక్సీ షాపు షట్టర్ అప్పుడే ఎత్తింది. అయిదింటికి లేచి, అత్తగారికి ఇడ్లీ, మొగుడికి చపాతీ, పిల్లకి పులిహోర చేసి, డబ్బాలు సర్ది, తాను నించునే రెండు ఇడ్లీలు మింగి వచ్చిన మనిషి.

"సరిగ్గా చూడకుండా ఓకే అన్నా గాని, ఆవకాయ కలిపేవాళ్లు కావాలని చెప్తే, మగవారు మాత్రమే అని వేసావేంటమ్మా? ముగ్గురు కుర్రాళ్లొచ్చి జాడీలు చూసి పారిపోయారు" అంది రత్నమణి.

యామినికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది, అదీ తన మీదే. తొమ్మిదేళ్ల కిందట పనిలో చేరిన కొత్తలో ఓ ఎరువుల షాపాయన 'మగవారు మాత్రమే' అని అడుగున ఎర్ర అక్షరాలతో వేయించుకున్నాడు. డిజైన్ బాగా కుదిరింది. అప్పట్నుంచి ఉద్యోగ ప్రకటన అంటే ఆ ఫైలే తెరవడం, పేరూ ఫోన్ నంబరూ మార్చడం. బట్టల షాపుకీ, మందుల షాపుకీ, మిర్చి కోల్డ్ స్టోరేజీకీ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ లైను పడుతూనే ఉంది. అది చదివి ఎందరు ఆడపిల్లలు గుమ్మం ఎక్కకుండానే వెనక్కి పోయారో! కిందటేడు మహిళా సంఘం వాళ్ల కరపత్రం కూడా తనే టైపు చేసింది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపితే చట్టం ఒప్పదని అందులో ఉంది. అచ్చుతప్పులు దిద్దింది గాని మనసు పెట్టి చదవలేదు. చదివే తీరిక ఏ రోజు దొరికింది కనక?

రత్నమణికి క్షమాపణ చెప్పి, కొత్తది కొట్టి పంపిస్తానని మాటిచ్చేసరికి యజమాని అనిల్‌కుమార్ వచ్చాడు. జగ్గయ్యపేటలో రెండో షాపు వచ్చే నెల తెరుస్తున్నాడట. ఇన్‌చార్జ్ కావాలి. "మన పాతదే ఎక్కించమ్మా" అని టీ తాగడానికి వెళ్లాడు.

పాతదే తెరిచింది. ఎర్ర లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇన్‌చార్జ్ అంటే ఏం చేస్తాడు? షట్టర్ ఎత్తుతాడు, మిషన్ కడుగుతాడు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లూ ఒకేసారి వచ్చి మాది ముందంటే మాది ముందని తన్నుకోబోతే నవ్వుతూ సర్దుతాడు. పెళ్లి గుంపు ఫొటోలోంచి చనిపోయినామె మొహం విడదీసి, చెదిరిన బొట్టు సరిచేసి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేస్తాడు. ఇవన్నీ తొమ్మిదేళ్లుగా చేస్తున్నది ఎవరు? తన దగ్గర మౌస్ పట్టుకోవడం నేర్చిన మగపిల్లలు ఇద్దరు సొంత షాపులు పెట్టుకున్నారు. తను మాత్రం ఇంకా "ఓనరు గారు లేరా అమ్మాయ్" దగ్గరే ఉంది. ఇంట్లో మొగుడు కిషోర్‌బాబు చుట్టాలందరితో "ఖాళీగా ఉండడమెందుకని పంపిస్తున్నా" అంటాడు, తనేదో పార్సిల్ అయినట్టు. సాయంత్రం నడుం వాల్చబోతే అత్తగారు సీతారావమ్మ "నీడపట్టున కూచునే పనికి అలుపేంటే" అంటుంది. ఆ ఇన్‌చార్జ్ పని నాకు కావాలి, అనుకుంది యామిని. అంత సూటిగా ఏదైనా కోరుకుని ఎన్నేళ్లయిందో. ఒక్కతే ఉండి నవ్వేసింది.

లైను చెరిపేసింది. ఇంకో ఫైలు కూడా తెరిచి గబగబా టైపు చేసింది.

ఆ షాపులో కట్టడి ఒకటుంది. ఆర్డరిచ్చినవాళ్లు చూసి ఓకే అనందే ఏదీ మిషన్ మీదికి పోదు. యామిని చేసినవి మాత్రం అనిల్‌కుమార్ చూడనే చూడడు. ఇవాళ ఆమే పిలిచి చదవమంది.

"కింద ఎర్ర లైను పోయిందే?"

"పోలేదండి. తీసేసా."

ఆయన చెడ్డవాడేం కాదు. పేట అంటే సిమెంటు లారీల ఊరనీ, నోటి దురుసు మనుషులనీ, ఆడమనిషి నెగ్గుకురావడం కష్టమనీ నెమ్మదిగానే చెప్పాడు. ఆ నోళ్లన్నీ ఇన్నాళ్లూ ఈ షాపు ఫోన్లో విన్నది ఎవరండీ అని ఆమె అంతకన్నా నెమ్మదిగా అడిగింది. ఆ పని తనకివ్వమంది. అడిగేసింది!

"మీ ఆయన్ని అడిగావా అమ్మా?"

"ఆయన కోదాడలో ఉద్యోగంలో చేరేటప్పుడు నన్నడగలేదండి. చెప్పాడు. నేనూ సాయంత్రం చెప్తా."

అనిల్‌కుమార్ కుర్చీ లాక్కుని కూచున్నాడు. కాసేపు స్క్రీన్ వంక, కాసేపు మిషన్ వంక చూశాడు. "నువ్వు పేట వెళితే ఇక్కడ నాకెవరు దిక్కు?" అన్నాడు చివరికి. తన విలువ ఆయన నోట వినడం యామినికి అదే మొదటిసారి. సంతోషం పట్టలేక రెండో ఫైలు ఆయన ముందుకి తెచ్చింది. నందిగామ షాపుకి ఆపరేటర్ కావలెను అని ఉంది. అడుగున, అదే ఎర్ర రంగులో, 'పని వచ్చినవారెవరైనా రావచ్చు' అని ఉంది.

ఆయన రెండుసార్లు చదివాడు. ఓకే అన్నాడు. మిషన్ ఆన్ చేయబోతూ ఆగి, "మరి ఆ ఇన్‌చార్జ్ ప్రకటన?" అన్నాడు.

"అది కొట్టక్కర్లేదండి" అంది యామిని. "మనిషి దొరికింది."