పూలు పరచిన బావి

సకలజనుల సమ్మె నాటి భాద్రపద అమావాస్య. బస్సులు లేని దిల్‌సుఖ్‌నగర్ రహదారి ఎండిన ఏటి ఇసుకలా మౌనంగా పరచుకొని ఉంది. దొరికిన ఆటోలో కొంత, కాలినడకన కొంత, తుర్కయంజాల్ నుంచి ముత్తమ్మ కొత్తపేటకు చేరేసరికి వకీలు సాంబమూర్తి మహాలయ తర్పణాలు ముగించి, దర్భ పవిత్రం తీస్తున్నాడు.

ముత్తమ్మది నల్లగొండ పల్లె. అక్కడి ఫ్లోరైడు నీరు ఎముకలను వంచేది. తుర్కయంజాల్‌కు వలస వచ్చి, పెనిమిటితో కలిసి తన జాగాలో తవ్వుకొన్న బావిలోనే ఆమె తొలిసారి తీయని నీరు చూసింది. నగరానికి కృష్ణాజలాలు తెచ్చే ప్రభుత్వ పైపులైనుకు అనుమతి రోడ్డు అంచు వెంబడే ఉన్నది. అయినా వంపు తప్పించుకోవడానికి గుత్తేదారు ఆ బావి మీదుగా గీత గీశాడు. సాంబమూర్తి తెచ్చిన స్టే గడువు ఆనాటితో తీరిపోతున్నది. పొడిగింపు కోరుదామంటే తెలంగాణ వకీళ్లు కోర్టులను బహిష్కరించారు.

"రేపు పొద్దుగాల బావి పూడుస్తరట సారూ!"

"నేను జడ్జిగారి ఇంటికే వెళ్లి అడుగుతానమ్మా. మాది గోదావరి జిల్లా. ఆ బహిష్కరణ నాకు వర్తించదు."

"వద్దు. మీ ఆంధ్రోళ్లకు నీళ్లంటె మస్తు హుషారు గని, నా బావి కోసం సమ్మె తెంపుతె మా ఆడోళ్లకు మొఖమెట్ల చూపిస్త?"

"మరి బావి సంగతి?"

"ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ. చెరువుకు పోకుండ అందర్నీ నా బావికే రమ్మంట. మీరు గూడ రాండ్రి, చూస్తె పాపం రాదు."

సంధ్యవేళ సాంబమూర్తి వెళ్లాడు. స్త్రీలు చప్పట్లతో వలయంగా తిరిగి, పాడుతూనే మెట్లు దిగి పూల గోపురాలను నీటిలో విడిచారు. తంగేడు పసుపు, గునుగు తెలుపు నెమ్మదిగా కలిసిపోయాయి. చంద్రుడు లేని ఆకాశం నక్షత్రాలతో సహా బావిలోకి దిగి పూల నడుమ నిలిచింది. ఉదయం తాను వదిలిన నీటి దోసిళ్లు ఏ అదృశ్యమార్గాననో ఇక్కడికే చేరాయనీ, తన పితృదేవతలు అవతలి గట్టున నిలిచి ఆ పాట వింటున్నారనీ ఆయనకు తోచింది. ఆ రాత్రి ముత్తమ్మ అరుగు మీదనే నిద్రించాడు.

తెల్లవారగానే పొక్లెయిన్ వచ్చింది. దాని డ్రైవరు అంతయ్య దిగి, బావిలోకి వంగి చూసి నిలువునా ఆగిపోయాడు.

"ఎవరమ్మా గిట్ల చేసింది?"

"ఊరి ఆడోళ్లందరం. పొయ్యి బిడ్డా, మట్టి పొయ్యి! మీ అవ్వ పేర్చిన బతుకమ్మ మీద పోసినట్టె పొయ్యి."

అంతయ్య గుత్తేదారుకు ఫోన్ చేశాడు. "బాయి నిండ బతుకమ్మలు సార్, గౌరమ్మ తల్లి ఉన్నది. నా చెయ్యి ఆడదు. ఏందీ, ఇంకోన్ని తెస్తవా? సమ్మెల ఎవడొస్తడు? నువ్వే వచ్చి పోసుకో."

అవతలి అరుపులు సీసాలో చిక్కిన ఈగ రొదలా కాసేపు వినిపించి సద్దుమణిగాయి. అంతయ్య ఫోన్ జేబులో వేసుకొని, "రోడ్డు పక్కకే తవ్వుమన్నడు" అని యంత్రాన్ని తిప్పాడు.

సాంబమూర్తి ఇంకా కలలోనే ఉన్నవానివలె అన్నాడు: "గెలిచావమ్మా. ఇక కేసెందుకు?"

"వకీలై ఉండి గదేం మాట సారూ! పూలు రేపటికి వాడుతయ్. కోర్టు తెరవంగనె మీరు పోయి కాయితం తేవాలె."

ఆయన నవ్వి, నీటికి నమస్కరించి, "తెస్తానమ్మా" అన్నాడు.