తెల్ల గలీబు కింద ఆకుపచ్చ అంచు

నేను ఒక దిండుని. తలకింద పెట్టుకునే జాతి కాదు నాది, పొట్టకి అదుముకునేదాన్ని. కడుపు కోసి కుట్లు వేసిన మనిషికి దగ్గొస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. అప్పుడు నాలాంటిదాన్ని గట్టిగా హత్తుకుంటే కాస్త ఓర్చుకోగలుగుతారు. ఆ బాధ పడ్డవాళ్లకే నా విలువ తెలుసు. మంగాయమ్మకి తెలుసు, ఆవిడకీ ఒకప్పుడు ఆ ఆపరేషన్ అయింది.

తన చెల్లెలు రత్నానికి రాజమండ్రి ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారని ఎవరి నోటో విని, బూరుగు దూదిలో గింజలు ఏరి నన్ను కుట్టింది. గుడ్డ వాళ్లమ్మ నేత చీరది, ఆకుపచ్చ అంచుతో సహా. అక్కచెల్లెళ్లకి ఆరేళ్లుగా మాటల్లేవు. తల్లి పోయేముందు అక్క కబురు పెట్టలేదనీ, చివరి చూపు దక్కకుండా చేసిందనీ రత్నం కోపం. మనుషుల సంగతి నాకు అంతుపట్టదు. ఇద్దరూ ఏడ్చేది ఒకే మనిషి కోసం, ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

మేం వెళ్లేసరికి రత్నం భర్త సూర్రావు మందుల కోసం కిందికి వెళ్లాడు. ఆమె పళ్లు బిగించి మూలుగుతోంది. మంగాయమ్మ నన్ను ఆమె పొట్టకి ఆనించి, ఆమె చేతులు రెండూ నా చుట్టూ వేసింది.

“అమ్మే వద్దందే. ‘దానికి నెలలు నిండున్నాయి, వింటే కంగారు పడిపోద్ది, చెప్పకు’ అని ఒట్టేయించుకుంది. నన్నేం చెయ్యమంటావు?”

రత్నం కళ్లు తెరిచింది. “ఆ మాట అప్పుడే చెప్తే పోయేది కదక్కా,” అని ఏడ్చింది. ఏడిస్తే కుట్లు లాగి, ఇంకా ఏడ్చింది.

“నేనొచ్చాను. ఇక నీ వంతు. కుట్లు మానాక మా గుమ్మంలోకి వస్తావా?”

“వస్తానక్కా.”

నన్ను పట్టుకునే అన్న మాట అది. సూర్రావు తిరిగొచ్చేలోపే మంగాయమ్మ కళ్లు తుడుచుకుని బస్సు వేళకి వెళ్లిపోయింది. ఆ వెనకే ఆయా వచ్చి, వార్డులో అన్నీ ఒకేలా ఉండాలంటూ నాకు తెల్ల గలీబు తొడిగింది.

ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ చెప్పింది. “అంత నొప్పిలో, పైగా మత్తులో ఉన్నప్పుడు, మెదడు కొత్త సంగతుల్ని సరిగా దాచుకోలేదమ్మా. అడిగినవాటికి జవాబు చెప్తారు, తర్వాత గుర్తుండదు.”

“నాకన్నీ గుర్తేనండి,” అంది రత్నం. “ఎంత నొప్పి పడ్డానో గుర్తుంది. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అంతా గుర్తుంది.”

నొప్పి నిజంగానే గుర్తుంది. దాని పక్కన కూర్చున్న అక్కే లేదు.

సూర్రావు నీతిమంతుడు. సామాను సర్దుతూ నన్ను చూసి, “ఆసుపత్రి సొత్తు మనకెందుకు,” అని మంచం మీదే వదిలేశాడు.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చి రత్నం ఆ మంచం మీదే కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుని, గలీబు మడతలు సవరిస్తూ ఆయాతో అంది: “నాకూ తోడబుట్టింది ఉందమ్మా. కడుపు కోసినా తొంగి చూళ్లేదు. ఇంక దాని గడప తొక్కితే ఒట్టు.” ఆమె వేళ్లకీ వాళ్లమ్మ చీరకీ మధ్య ఒక్క పల్చటి గుడ్డ అడ్డం. నోరుంటే అరిచేదాన్ని. అక్కడ తన ఊళ్లో మంగాయమ్మ, వచ్చే ప్రతి బస్సు వైపూ చూసి చూసి, చెల్లెలు మాట తప్పిందని ఆవిడా మొహం తిప్పేసుకుని ఉంటుంది.

ఆ తర్వాత ఎందరో నన్ను పొట్టకి అదుముకున్నారు. దూది ఉండలు కట్టింది. ఇప్పుడు ఆసుపత్రి వెనక చెత్తకుప్పలో ఉన్నాను. వానకి గలీబు చివికి చిరిగింది, ఆకుపచ్చ అంచు బయటపడింది. రత్నం ఒక్కసారి చూస్తే చాలు, అమ్మ చీరని గుర్తుపడుతుంది. కానీ ఆసుపత్రికి ఎవరూ ఊరికే రారు. ఆమె రావాలని ఎలా కోరుకోను?